శబ్దం ఒక్కటి తీసేయండి చాలు

2023 ఫిబ్రవరి. గుంటూరు ఏటుకూరు రోడ్డులో మా వర్క్‌షాపు. మిర్చి సీజన్ మొదలైందంటే యార్డుకు వెళ్లే లారీలూ ట్రాక్టర్లూ మా గేటు ముందే బారులు తీరతాయి. గాలంతా ఘాటు. కారు కింద పడుకుని పనిచేసేవాళ్లకు తుమ్ము వచ్చినా లేచే వీలుండదు. అలాంటి ఒక మధ్యాహ్నం పూర్ణచంద్రరావుగారు తన కారు వేసుకుని మొదటిసారి వచ్చారు. ఆ తర్వాత ఎన్నిసార్లు వచ్చారో లెక్కపెట్టడం నేను మానేశాను.

"సార్ లేరాండీ?" అన్నారు దిగుతూనే.

"ఏ సార్?"

"అదేనండి, సస్పెన్షన్ చూసే సార్."

"నేనే చూస్తానండి. చెప్పండి."

ఆయన నన్నూ, నా చేతులకున్న గ్రీజునూ చూశారు. అయినా నమ్మకం కుదిరినట్టు లేదు. లోపల పనిలో ఉన్న నాగూర్ వైపు తిరిగి చెప్పడం మొదలుపెట్టారు. నాగూర్ మా హెడ్ మెకానిక్. అతను తల ఎత్తకుండానే, "మేడమ్‌కే చెప్పండి సార్. నాకు చెప్పినా నేను మళ్లీ ఆమెనే అడగాలి" అన్నాడు.

పాలిటెక్నిక్‌లో ఆటోమొబైల్ డిప్లొమా చేసి, విజయవాడలో ఒక పెద్ద షోరూమ్ సర్వీస్ సెంటర్లో చాలా ఏళ్లు పనిచేశాక ఈ వర్క్‌షాపు పెట్టుకున్నాను. మా దగ్గరకు వచ్చేవి ఎక్కువగా సస్పెన్షన్ పనులే. రోడ్డు మీది గుంట చక్రానికి తగిలినా, లోపల కూర్చున్న మనిషికి తగలకుండా ఆపే సరంజామా మొత్తాన్ని సస్పెన్షన్ అంటారు. అది బాగున్నంత కాలం అలాంటిదొకటి ఉందని ఎవరికీ గుర్తుండదు.

ఆ కారు జర్మనీ కంపెనీది. పొడుగాటి నల్లటి సెడాన్. సత్తెనపల్లిలో కోల్డ్ స్టోరేజీ నడిపే పూర్ణగారు దాన్ని హైదరాబాదులో సెకండ్ హ్యాండ్‌గా కొన్నారు. కంపెనీ నుంచి వచ్చినప్పుడు దానికి ఎయిర్ సస్పెన్షన్ ఉండేది. అంటే స్ప్రింగులకు బదులు గాలి నింపిన రబ్బరు తిత్తులు కారును మోస్తాయి. మెత్తగా పోతుంది. కానీ పాతబడ్డాక తిత్తులు గాలి వదిలేస్తాయి, పొద్దున లేచేసరికి కారు ఒక పక్కకు కుంగి ఉంటుంది. ఈయన కారుకు అదే జరిగితే, ఎవరో స్నేహితుడు చెప్పాడని హైదరాబాదులోనే ఆ తిత్తులన్నీ పీకించి, బయట దొరికే కాయిలోవర్ కిట్ వేయించారు. షాక్ అబ్జార్బరు, దాని చుట్టూ స్ప్రింగు, రెండూ కలిసి ఒకే ముక్కగా ఉండే సామాను అది. మర తిప్పితే కారు కిందికి దిగుతుంది. ఈయన బాగా కిందికి దింపించారు. చూడడానికి బాగుంది, కాదనను.

"ఏం శబ్దం వస్తోందండీ?" అన్నాను.

నోటితో చేసి చూపించే శబ్దాలు నేను చాలా విన్నాను. బల్ల మీద వేళ్లతో దరువేసేవాళ్లున్నారు, పళ్లు కొరికి వినిపించేవాళ్లున్నారు. ఈయన కళ్లు మూసుకుని, తల ఒక పక్కకు వంచి, "కటక్" అన్నారు. ఒక్క క్షణం ఆగి, "వెనకాలే చిన్నగా టింగ్" అన్నారు.

నేను ఏటుకూరు దాకా నడిపి చూశాను. కటక్ లేదు, టింగ్ లేదు. తిరిగొచ్చి ఆ మాటే చెబితే ఆయన ముఖం ఎర్రబడింది.

"నేను నడిపితే వస్తదండి. మీరు నడిపితే ఎందుకొస్తది?"

సరేనని ఆయన్ను నడపమని పక్కన కూర్చున్నాను. నిజంగానే వచ్చింది. ఆయన స్పీడ్ బ్రేకర్‌ను సూటిగా ఎక్కరు. కారు కింద తగులుతుందని స్టీరింగు తిప్పి ఏటవాలుగా, ఒక్కో చక్రాన్నీ విడివిడిగా ఎక్కిస్తారు. అలా ఎక్కినప్పుడే శబ్దం. కారు అంత కిందికి దిగడంతో, డ్రాప్ లింక్ అని చక్రం దగ్గర ఉండే చిన్న కడ్డీ ఒకటి వంకరగా నిలబడి పక్క ఇనుముకు కొట్టుకుంటోంది. ఆ సంగతి చూపించి, ఆ రోజే అసలు మాట కూడా చెప్పాను.

"ఈ కిట్ మన రోడ్లకు కాదండి. స్ప్రింగులు మరీ గట్టివి. పైన టాప్ మౌంట్‌లో, అంటే ఇది బాడీకి బిగిసే చోట, రబ్బరు ఉండాలి. దీనికి ఇనుప గోళీ పెట్టారు. గుంట దెబ్బంతా నేరుగా బాడీకి వెళ్తుంది. మెత్తటి స్ప్రింగులు, రబ్బరు మౌంట్లు వేసి, కారును మామూలు ఎత్తుకు తెద్దాం. శబ్దాలు వాటంతటవే పోతాయి."

"ఎత్తు పెంచితే లుక్ పోద్ది కదండీ."

"పోతుంది."

"అయితే వద్దు మేడమ్. నేను వచ్చింది శబ్దం కోసం. బండి గురించి కాదు. శబ్దం ఒక్కటి తీసేయండి చాలు."

పొట్టి డ్రాప్ లింక్ వేశాను. కటక్ పోయింది. టింగ్ ఉండిపోయింది.

వారం తిరక్కుండానే మళ్లీ వచ్చారు. ఈసారి సాక్ష్యంతో వచ్చారు. సెల్‌ఫోన్‌ను డాష్‌బోర్డు మీద పెట్టి సత్తెనపల్లి నుంచి గుంటూరు దాకా రికార్డు చేశారట. అందులో ఏసీ హోరు వినపడింది, లారీ హారన్లు వినపడ్డాయి, "ఇదిగో ఇదిగో, వచ్చింది" అని ఆయన గొంతు మాత్రం చాలాసార్లు వినపడింది. టింగ్ ఎక్కడా లేదు. "చెవి దగ్గర పెట్టుకోండి మేడమ్" అన్నారు. పెట్టుకున్నాను. మళ్లీ "ఇదిగో" అనే వినపడింది.

కారు ఎత్తి చూస్తే స్ప్రింగు తన పళ్లెంలో సరిగ్గా కూర్చోలేదు. స్టీరింగు తిప్పినప్పుడల్లా మెలిపడి, ఒక్కసారిగా వదులుకుని టింగుమంటోంది. సర్ది, మధ్యలో నైలాన్ వాషర్ వేశాం. టింగ్ పోయింది. ఆయన సంతోషంగా వెళ్లారు. మర్నాడు ఫోను. "మేడమ్, ఇప్పుడు కిర్రుమంటోంది."

అసలు కిర్రు మొదటి నుంచీ ఉంది. మిగతా రెండూ పోయాక బయటపడింది. చక్రాన్ని పట్టుకుని ఉండే ఆర్మ్‌లకు బుష్‌లు ఉంటాయి, ఇనుము ఇనుముకు రాసుకోకుండా వేసే రబ్బరు ముక్కలు. కారు నేల మీద నిలబడి ఉన్నప్పుడు వాటి బోల్టులు బిగించాలి. హైదరాబాదులో కిట్ వేసినవాళ్లు కారు గాల్లో వేలాడుతుండగానే బిగించేశారు. దించగానే రబ్బరు మెలితిరిగింది, అప్పటి నుంచి ఏడుస్తూనే ఉంది. అన్నీ వదులు చేసి, కారు దించి, మళ్లీ బిగించాం. ఆ పని జరుగుతున్నంతసేపూ ఆయన వీడియో కాల్‌లో ఉన్నారు. అవతల బెంగళూరులో ఆయన బావమరిది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. "ఆ బోల్టు కాదు బావా, దాని పక్కది చూపించమను" అంటున్నాడు. నాగూర్ ఆ ఫోను వైపు ఒకసారి చూసి, టీ తాగొస్తానని చెప్పి బయటకు వెళ్లిపోయాడు. అతను అంత కోపంగా టీ తాగడానికి వెళ్లడం నేను అంతకు ముందు చూడలేదు.

ప్రతిసారీ నేను అదే మాట చెప్పాను. ఎత్తు పెంచుదాం, మెత్తటివి వేద్దాం అని. ప్రతిసారీ ఆయనా అదే మాట చెప్పారు. పైగా యార్డులో స్నేహితులు నవ్వుతున్నారట. "అంత కారు కొని ఇనప సామాన్ల బండిలా మోగిస్తున్నావేందిరా" అని. ఆ నవ్వు ఆయనకు నిద్ర పట్టనివ్వడం లేదు.

ఏప్రిల్లో కొన్నాళ్లు రాలేదు. హమ్మయ్య అనుకున్నాను. తర్వాత ఒక రోజు వచ్చి, కారు దిగకుండానే అద్దం దించి నవ్వారు.

"పిడుగురాళ్లలో ఒకాయన అరగంటలో శబ్దం ఆపేశాడు మేడమ్. మీరు రెండు నెలలు తిప్పారు."

"మంచిదండి. మరి ఇటొచ్చారేం?"

"మళ్లీ మొదలైంది. ఈసారి కొంచెం పెద్దగా."

ఎత్తి చూస్తే, ఆ మహానుభావుడు పాత టైరు కోసి ఆ రబ్బరు ముక్కలు స్ప్రింగు చుట్ల మధ్య కుక్కాడు. పైన గ్రీజు పూశాడు. కుక్కిన రబ్బరుతో స్ప్రింగుకు కదలడానికి చోటు లేదు. ఇంక దానికి స్ప్రింగు అనే పేరు కూడా దండగ. ముక్కలు నలిగి కొన్ని ఊడిపోయాయి, మిగిలినవి స్ప్రింగు రంగును గీకేసి తుప్పు పట్టించాయి. ఒక్కో ముక్కా పీకి ట్రేలోకి విసిరికొట్టాను. నిజంగా కోపంతోనే.

"ఇక నా వల్ల కాదండీ," అన్నాను. "మీకు కావాల్సింది శబ్దం వినపడకపోవడం. దానికి నా దగ్గరకు రానక్కర్లేదు, చెవుల్లో దూది పెట్టుకుంటే చాలు. నేను బండి బాగుచేస్తాను. మీరు బాగుచేయనివ్వరు. ఇంకెక్కడైనా చూపించుకోండి."

ఆ మాట అంటానని ఆయన అనుకోలేదు. ట్రేలోంచి ఒక రబ్బరు ముక్క తీసి చేతిలో తిప్పి చూశారు. తర్వాత గొంతు తగ్గించి అన్నారు.

"రేపు అమ్మను హాస్పిటల్‌కి తీసుకురావాలండి. డయాలసిస్. ఈ మోతలో ఎట్టా తీసుకురాను? అసలీ బండి కొన్నదే అమ్మ కోసం."

రెండు నెలల్లో ఆయన నోటి నుంచి అమ్మ అన్న మాట రావడం అదే మొదలు. లుక్ గురించి చెప్పారు, యార్డు గురించి చెప్పారు, బావమరిది అభిప్రాయాలు చెప్పారు. ఈ సంగతి చెప్పలేదు.

"ముందే చెప్పొచ్చు కదండీ."

"మీరు అడగలేదు కదా."

నిజమే, అడగలేదు. కానీ ఎవరిని అడుగుతాం అలా? చిరాకును మింగి, "రేపు డయాలసిస్ అయ్యాక నేనూ మీతో వస్తాను. వెనకాల అమ్మగారి పక్కన కూర్చుంటాను. ఆవిడకు ఏ శబ్దం ఇబ్బంది పెడుతోందో వింటాను. తిరుగు బస్సులో వచ్చేస్తా" అన్నాను. స్ప్రింగులు శుభ్రం చేసి, ప్రస్తుతానికి ప్రయాణానికి ప్రమాదం లేదని చూసుకుని కారు పంపించాను.

మర్నాడు బ్రాడీపేటలో హాస్పిటల్ ముందు కలిశాను. రత్తమ్మగారు చిన్న మనిషి. డయాలసిస్ అయ్యాక ఉండే నీరసంతో మెల్లగా వచ్చి, కారులోకి దిగి కూర్చున్నారు. దిగి అని ఎందుకంటున్నానంటే, అంత కిందికి ఉన్న సీట్లోకి ఆవిడ ఎక్కడం లేదు, ఒకరి చెయ్యి పట్టుకుని వెనక్కి వాలి పడిపోవాల్సిందే. సూదులు గుచ్చే ఎడమ చేతికి కట్టు ఉంది. ఆ చేతిని ఒళ్లో దిండు మీద పెట్టుకుని, కుడి చేత్తో తలుపు పైనున్న పిడి పట్టుకున్నారు.

ఊరు దాటాక రోడ్డు మారింది. మొదటి గుంటకు స్టీరింగు దగ్గరి నుంచి, "విన్నారా మేడమ్? అదిగో" అన్నారు పూర్ణగారు.

నేను వినలేదు. నా నడుము దగ్గర కొట్టినట్టయింది. ఇన్నాళ్లూ ఆ కారును నేను ముందు సీట్లోంచే చూశాను. వెనక సీటు కింద ఆ గట్టి స్ప్రింగు ఎంత పని చేస్తోందో ఆ రోజు నా వెన్నుకు తెలిసింది. పక్కకు చూశాను. గుంట రాబోతుందనగా రత్తమ్మగారు పిడి బిగించి పట్టుకుని, ఒళ్లు సీటు మీంచి కొంచెం పైకి లేపుతున్నారు. గుంట దాటాక మళ్లీ కూర్చుంటున్నారు. రోడ్డంతా ఆవిడకు కంఠతా వచ్చేసినట్టుంది. ఏ గుంట ఎక్కడుందో చూడకుండానే లేస్తున్నారు.

"అమ్మా, శబ్దం వినపడిందా?" ముందు నుంచి కొడుకు అడిగారు.

"ఏందిరా?"

"శబ్దమే, శబ్దం."

"ఆ, ఆ," అన్నారావిడ, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

నేను ఆవిడ చెవి దగ్గరకు వంగి, "శబ్దం బాగా ఇబ్బందిగా ఉందా అమ్మా?" అని అడిగాను.

ఆవిడ నా చెయ్యి మీద తట్టారు. రహస్యం చెప్పేవాళ్లలా నా మీదికి ఒరిగారు.

"శబ్దమా? నా చెవులు ఎప్పుడో పోయినయ్యే అమ్మాయ్. నాకేం వినపడదు. నడుమే. గుంట వచ్చినప్పుడల్లా ఎత్తి కుదేసిద్ది. ఇంటికి పొయ్యాక రెండు రోజులు లేవలేను. లేచేతలికి మళ్లా ఆస్పత్రికి పొయ్యే రోజు వచ్చుద్ది."

వినపడని మనుషులకు తమ గొంతు ఎంత పెద్దదో తెలియదు. ఆవిడ నా చెవిలో చెబుతున్నాననుకుని ఆ మాటలు కారంతా వినపడేలా చెప్పారు. టింగ్ వినడం కోసం పూర్ణగారు పాటలు కూడా పెట్టుకోలేదు. అద్దంలో ఆయన కళ్లు కనపడ్డాయి.

ఆవిడను ఆపాలో వద్దో నాకు తోచలేదు. నేను ఏదో అడిగే లోపలే ఆవిడ మళ్లీ మొదలుపెట్టారు.

"ఇంతకుముందు మా పక్కింటి వాళ్ల పాత కారులో వచ్చేదాన్ని. అదే నయం. బస్సు కూడా నయమే. కానీ వీడితో ఎట్టా చెప్పను? అమ్మ కోసం కొన్నానని ఊరంతా చెప్పుకున్నాడు. బాగోలేదంటే వాడి మొహం చూళ్లేను. నువ్వు చెప్పమాక. పాపం, బాగుచేయిద్దామని వాడూ తిరగతానే ఉన్నాడు."

"చెప్పనమ్మా," అన్నాను.

ఆ తర్వాత పూర్ణగారు శబ్దం ఊసెత్తలేదు. కారు వేగం తగ్గిపోయింది. గుంట కనపడితే దాదాపు ఆపి, అంగుళం అంగుళం దించుతున్నారు. వెనక లారీవాడు హారన్ మోగిస్తూనే ఉన్నాడు. ఈయన తప్పుకోలేదు. మేడికొండూరు దాటాక ఒక చెట్టు నీడన కారు పక్కకు తీసి, చక్రం చూస్తానని చెప్పి దిగారు. నేనూ దిగాను. ఆయన చక్రం వంక చూడడం లేదు. రోడ్డు పక్కన కళ్లంలో మిరపకాయలు ఎండబోశారు. అటు తిరిగి నిలబడ్డారు. కర్చీఫ్‌తో ముఖం తుడుచుకుని, "ఘాటు" అన్నారు. నేనూ అవునన్నాను.

అటు తిరిగే అన్నారు. "మేడమ్, మొదటి రోజు మీరేదో చెప్పారు కదా. మెత్తటి స్ప్రింగులు, రబ్బరు మౌంట్లు."

"చెప్పానండి." మొదటి రోజే కాదు, వచ్చిన ప్రతిసారీ చెప్పానని కూడా నాలుక చివరికి వచ్చింది.

"అవి వేసేయండి. ఎత్తు ఎంతైనా పెరగనివ్వండి." కర్చీఫ్ మడిచి జేబులో పెట్టుకున్నారు. "మరి శబ్దం?"

నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. "శబ్దం కూడా పోతుందండీ. దాని కోసమే కదా నేను నెత్తీ నోరూ కొట్టుకున్నది."

సామాను రావడానికి సమయం పట్టింది. అప్పటిదాకా రత్తమ్మగారు పక్కింటివాళ్ల పాత కారులోనే వచ్చారు. కొడుకు ఏం చెప్పి ఒప్పించారో తెలియదు. తన కారు సర్వీసుకు ఇచ్చానన్నారేమో. ఆవిడ కారులో అన్న మాటలు తాను విన్నట్టు ఆయన ఆవిడకు ఎప్పటికీ చెప్పలేదు. నాతో కూడా మళ్లీ ఎత్తలేదు.

స్ప్రింగులు మార్చాం, ఇనుప గోళీ తీసేసి రబ్బరు మౌంట్లు పెట్టాం, వెనక షాకులు మెత్తవి వేశాం. కారు మామూలు ఎత్తుకు వచ్చింది. అందం కాస్త తగ్గింది, కాదనను. రోడ్డు మీద పరీక్షకు నేను వెనక సీట్లోనే కూర్చున్నాను, నాగూర్ నడిపాడు. గుంటలు తెలుస్తున్నాయి కానీ కొట్టడం లేదు. కారు అప్పగిస్తూ, చలికాలం పొద్దున్నే కొత్త రబ్బరు కాస్త కిర్రుమనవచ్చని ముందే చెప్పాను. ఆ మాటకు పాత పూర్ణగారైతే కారు అక్కడే వదిలేసి వెళ్లేవారు. ఈయన తల ఊపి తాళాలు తీసుకున్నారు.

కొన్నాళ్లకు ఒక సాయంత్రం ఫోను వచ్చింది. ఆయన పేరు చూడగానే నా ప్రాణం ఉసూరుమంది. మళ్లీ ఏ శబ్దమో అనుకుంటూ ఎత్తాను. అవతల గొంతు సరిగ్గా వినపడలేదు. గట్టిగా మాట్లాడండి అన్నాను.

"గట్టిగా మాట్లాడకూడదండి," అన్నారు గుసగుసగా. "ఇంటి ముందు ఆపి ఉన్నాను. అమ్మ వెనకాల నిద్రపోతోంది. పేరేచర్ల దగ్గర పడుకుంది, ఇంకా లేవలేదు. ఏసీ ఆగితే లేచిపోద్దేమోనని ఇంజిన్ ఆపలేదు. ఇట్టా నిలబెట్టి ఎంతసేపు ఉంచొచ్చు మేడమ్? ఇంజినుకు ఏమన్నా అయిద్దా?"

"ఏమీ కాదండీ," అన్నాను. "ఆవిడ లేచిందాకా ఉంచండి."

ఈ కేసు నాకు నేర్పింది చిన్న విషయమే. మా దగ్గరకు వచ్చి ఫిర్యాదు చేసేది స్టీరింగు పట్టుకున్న మనిషి. దెబ్బ తింటున్న మనిషి ఇంకొకరు కావచ్చు, ఆ మనిషి నోరు విప్పకపోవచ్చు. అందుకే ఇప్పుడు శబ్దమని ఎవరొచ్చినా, కారులో వెనకాల ఎవరు కూర్చుంటారని ముందు అడుగుతాను. చాలామందికి చిర్రెత్తుకొస్తుంది. "శబ్దం ముందు చక్రంలో వస్తుంటే వెనకాల ఎవరు కూర్చుంటే ఏంటండీ?" అంటారు. వివరించి చెప్పే ఓపిక నాకు లేదు. వెనక తలుపు తీసుకుని ఎక్కి కూర్చుని, "పోనివ్వండి" అంటాను.